చిటికెడు బూడిద

ఆ ఉదయం పోలిరాజు వేసుకున్న పథకంలో నాలుగే పనులున్నాయి. స్నానం చేయడం, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవడం, డాబా మీది గాజు సీసా దించడం, పదింటికల్లా దాన్ని పవర్‌హౌసులో సమాద్దార్ బాబు చేతిలో పెట్టడం. ఐదోది దానంతటదే జరిగిపోవాలి. తొమ్మిదేళ్లుగా బద్లీ కూలీగా, ఇంకొకడు సెలవు పెడితేనే పని దొరికే మనిషిగా బతుకుతున్న పోలిరాజు సాయంత్రానికి పర్మనెంటు అయిపోవాలి.

సీసా సంగతి ఇది. బెంగాల్లో వాట్‌గంజ్ రేవు పక్కనున్న ఆ పవర్‌హౌసు చిమ్నీ ముప్ఫై ఏళ్లుగా చుట్టుపక్కల ఇళ్ల మీద బూడిద కురిపిస్తూ వచ్చింది. ఈ మధ్యనే కంపెనీ పొగలోంచి బూడిదను పట్టేసే మిషను బిగించింది. బూడిద తగ్గిందని కంపెనీ చెప్పుకుంటే చాలదు, కాలుష్య బోర్డు నమ్మాలి. అందుకని గాలి వాలున ఉన్న ఒక డాబా మీద మూత లేని సీసాను నెల రోజులు ఉంచి, అందులో పడ్డ బూడిదను తూచాలన్నారు. ఆ డాబా పోలిరాజు ఇంటిది. సీసా భద్రంగా తన చేతికొస్తే పర్మనెంటు లిస్టులో మొదటి పేరు పోలిరాజుదేనని ఇంజినీరు సమాద్దార్ బాబు మాటిచ్చాడు.

తల తుడుచుకుంటూ పోలిరాజు డాబా ఎక్కాడు. సీసా ఉంది. భద్రంగానే ఉంది. దాని మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. లోపల ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు గొంతు దాకా ఉన్నాయి.

కేక విని పెళ్లాం జగ్గమ్మ తడి చేతులతో పైకొచ్చింది.

"ఒలే, ఇదేటే?"

"మాగాయ. ముక్కలు ఎండొద్దేటి?"

"దీంట్లో కాకి కూడా వాలకూడదని సెప్పినాను కదే."

"అందుకే కదా మావా గుడ్డ కట్టినాను."

"మరి లోపలున్న బూడిదేదే?"

జగ్గమ్మ డాబా మూలకి చెయ్యి చూపించింది. అక్కడ బోర్లించిన ఇత్తడి గిన్నె ఎండలో ధగధగలాడుతోంది. తన ఉద్యోగం అంత శుభ్రంగా మెరవడం పోలిరాజు అంతకుముందెప్పుడూ చూడలేదు.

తిట్టబోయాడు గాని, జగ్గమ్మే అందుకుంది. ఒకప్పుడు డాబా ఒక్కసారి ఊడిస్తే డబ్బాడు బూడిద వచ్చేదట. కాస్త చింతపండు కలుపుకుంటే వారం రోజులు అంట్లకి లోటుండేది కాదట. ఇప్పుడు నెలంతా కాసుకుంటే సీసా అడుగున చిటికెడు. "ఆ మాయదారి మిషను ఎట్టీసినారు. మరి ఆడోళ్లు అంట్లెలా తోముతారని ఒక్క బాబైనా అడిగినాడేటి?"

చిటికెడు. పోలిరాజు ఆ మాట పట్టుకున్నాడు. చిటికెడు బూడిద దొరికితే చాలు. ముక్కలు చేటలోకి దులిపి, సీసా కడిగి తుడుచుకుని పక్కింటికి పరిగెత్తాడు.

పక్కింటి అమ్మన్నమ్మ దగ్గర మిషను రాకముందు దాచిన బూడిద ఒక డబ్బా ఉందని వీధందరికీ తెలుసు. ఎవరికీ పెట్టదనీ తెలుసు.

"ఏలరా నీకు?" అంది ఆమె డబ్బా మీద చెయ్యేసి.

పెళ్లాం నిర్వాకం చెప్పుకోవడానికి నోరు రాలేదు. "నాకు కాదు పిన్నీ, కంపెనీకి కావాలంట" అన్నాడు.

ఆమె సీసాలో చిటికెడు రాల్చి, అతను గడప దాటగానే డబ్బాను మంచం కిందికి తోసి, చెంబు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిచింది. కంపెనీ బూడిద అడుగుతోందని కుళాయి దగ్గర చెప్పింది. మూడో ఇంటికి చేరేసరికి కంపెనీ ఇంటికొక డబ్బా వసూలు చేస్తోంది. వీధి చివరికి చేరేసరికి, దాచినవాళ్లకి కరెంటు కోసేస్తున్నారు. ఆడవాళ్లు బూడిద డబ్బాలను బియ్యం డ్రమ్ముల్లోనూ దేవుడి పటాల వెనకా దాచేశారు. ఒకావిడ ట్రంకు పెట్టెలో పెళ్లి చీర కింద పెట్టి తాళం వేసింది.

కబురు టీ దుకాణం దగ్గర గురువులు చెవిన పడింది. పుట్టింది శ్రీకాకుళం వైపైనా యూనియన్ సెక్రటరీగా ముప్ఫై ఏళ్లు అరిచి అరిచి ఆయన ఊరందరికీ గురువుల్‌దా, అంటే గురువులన్న, అయ్యాడు. మూడు నెలలుగా ఒక్క గొడవ లేక ఆయనకి అన్నం సయించడం లేదు. కిందటేడు బూడిద ఆపాలని ఊరేగింపు తీసింది ఆయనే. ఆ బ్యానరు ఇంకా గూట్లోనే ఉంది. కంపెనీ అడగడమేమిటి, మిషను పట్టిన మన బూడిద మనకే ఇవ్వాలని తేల్చి, "ఆపాలి" అన్నచోట సున్నం కొట్టి "ఇవ్వాలి" అని రాయించాడు. గుడ్డ ఖర్చు కూడా లేదు.

పదింటికి పోలిరాజు పవర్‌హౌసు గేటు చేరేసరికి అక్కడ రెండు వందల మంది ఉన్నారు. చల్బే నా, చల్బే నా, ఇక సాగదని బెంగాలీలో గోడలదిరేలా అరుస్తున్నారు. అందరికంటే ముందు, చెరో చేతిలో ఒక గిన్నెతో, జగ్గమ్మ. పోలిరాజు గోడవారగా జారుకోబోయాడు. గురువులు అతని రెక్క పట్టుకుని, సీసా లాక్కుని పైకెత్తాడు.

"కామ్రేడ్స్, చూడండి. ముప్ఫై ఏళ్ల మన బూడిదలో కంపెనీ మనకి మిగిల్చింది ఇంతే."

సరిగ్గా అప్పుడే కాలుష్య బోర్డు జీపు వచ్చి ఆగింది. గేటు లోపల నిలబడ్డ సమాద్దార్ బాబు మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. జీపులోంచి నెరిసిన జుట్టు అధికారి ఒకాయన దిగి, అలవాటైన విసుగుతో ఫైలు తెరిచి, బూడిద పడుతోందనే కదా మీ ఫిర్యాదు అన్నాడు.

"పడటం లేదనే సార్" అన్నాడు గురువులు.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాడు. జగ్గమ్మ ముందుకొచ్చి, తెలుగు కలిసిన బెంగాలీలో, మెరిసే గిన్నె చూపించి ఇది బూడిదతో తోమింది అంది. మసి గిన్నె చూపించి ఇది మిషను వచ్చాక మా గతి అంది. ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత గురువులు చేతిలోంచి సీసా తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మామిడికాయ వాసన వస్తోందే" అన్నాడు ఆయన.

తొమ్మిదేళ్ల బద్లీ బతుకు పోలిరాజు కళ్ల ముందు ఇంకో తొమ్మిదేళ్లు సాగింది. అధికారి సీసాను అతని చేతిలోనే పెట్టేశాడు.

"ఇరవై రెండేళ్ల సర్వీసులో, బూడిద చాలడం లేదని జనం గేటు మూసిన పవర్‌హౌసు ఇదొక్కటే. ఇంక దీన్ని తూచి ఏం చూడాలి?" అంటూ ఫైలు మీద సంతకం చేసి జీపెక్కాడు.

కంపెనీ గెలిచింది. కానీ ఊరేగింపు కదల్లేదు. బూడిద ఇస్తేగాని గేటు తెరవనివ్వమని గురువులు బైఠాయించాడు. మధ్యాహ్నానికి ఒప్పందం కుదిరింది. మిషను పట్టిన బూడిదలోంచి ఇంటికి రోజుకొక డబ్బా ఇవ్వాలి. అది ఇళ్లకి చేర్చే మనిషి పర్మనెంటు అయితేనే సంతకం పెడతానన్నాడు గురువులు. సమాద్దార్ బాబుకి తన మాట గుర్తొచ్చింది.

సోమవారం నుంచి పోలిరాజు ఖాకీ చొక్కాతో బూడిద బండి తోస్తున్నాడు. మొదటి డబ్బా ఇచ్చింది తన ఇంట్లోనే. జగ్గమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, పైనుంచి పడే బూడిదంత సన్నగా నేదు అంది. సీసాలో మాగాయ మాత్రం బాగా కుదిరింది.

ముప్ఫై ఏళ్లు ఆకాశం ఊరికే ఇచ్చిన బూడిదను ఇంటింటికీ అందించడానికి ఇప్పుడు కంపెనీలో ఒక విభాగం ఉంది; పోలిరాజు సెలవు పెట్టిన రోజున బండి తోయడానికి ఒక బద్లీ కూడా ఉన్నాడు.