పద్నాలుగో గడిలో నిమ్మవాసన

ఉద్యోగికి హోదాను ప్రభుత్వం ఇస్తుంది. వాసనను మాత్రం ఎవరికి వారే సమకూర్చుకోవాలి. సర్వీసు నిబంధనల్లో ఈ సంగతి ఎక్కడా రాసి లేదు గానీ, ఏళ్ల తరబడి ఒకే కుర్చీలో కూర్చున్న ఏ సీనియర్ అసిస్టెంటును అడిగినా ఒప్పుకుంటాడు. అరకులోని కొండపంటల నాణ్యతా నిర్ధారణ ఉపకేంద్రంలో 2004 నాటికి సర్వేశ్వరరావు కూర్చున్నది పదహారేళ్లే. అయినా ఈ సత్యాన్ని ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాదే గ్రహించాడు.

ఆ ఏడాది, అంటే 1988లో, విశాఖ హార్బరు దగ్గర జరిగిన ఒక వేలంపాటలో ఆయన మూత విప్పని చెక్కపెట్టె ఒకటి పాడుకున్నాడు. లోపల టేప్‌రికార్డరు ఉంటుందని పక్కన నిలబడ్డాయన భరోసా ఇచ్చాడు. సొంతూరైన విజయనగరంలోని ఇంటికి తెచ్చి మేకులు పీకితే ఇరవై నాలుగు సీసాలు బయటపడ్డాయి. అప్పటికే అవి బాగా పాతవి. సీసా మీద మీసాల నావికుడు, వాడి చేతిలో కోసిన నిమ్మకాయ, వాడి కాళ్ల దగ్గర ‘పురుషులకు మాత్రమే’ అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. (భరోసా ఇచ్చినాయన మళ్లీ కనబడలేదు.) లోకం దాన్ని సెంటు అంటుంది. సర్వేశ్వరరావు కొలోన్ అనేవాడు. ఎవరైనా సెంటు అంటే నడుస్తున్నవాడు ఆగి మరీ సరిదిద్దేవాడు.

నిమ్మతొక్కను ముక్కు దగ్గర విరిచినట్టు మొదట చురుక్కుమనేది. వెనకాలే పంపరపనస. చివర్న, మంగలిషాపూ చెప్పుల కొట్టూ ఒకే గదిలో అద్దెకున్నట్టు ఏదో తగిలేది. ఆయన వీధి మలుపు తిరిగేసరికే ఆఫీసులో ఫైళ్లు తెరుచుకునేవి. ఆయన ఇంటికి వెళ్లిపోయినా కుర్చీ మాత్రం ఇంకో గంట డ్యూటీలో ఉండేది.

ఇందులో డాబు ఏమీ లేదు. పదహారేళ్లలో ప్రమోషను మూడుసార్లు ఆయన గుమ్మం దాకా వచ్చి, అడ్రసు సరిచూసుకుని, పక్కింటికి వెళ్లిపోయింది. ఇద్దరు అధికారులు ఆయన పేరు సోమేశ్వరరావు అనుకుంటూనే రిటైరయ్యారు. గదిలోకి వెళితే నలుగురు తల తిప్పి చూడడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ సీసా ఒక్కటే.

2004 జనవరి దాకా ఆ సీసా ఎవరి జోలికీ పోలేదు. అప్పటివరకూ ఉపకేంద్రంలో కాఫీ గింజను కంటితో చూసి గ్రేడు ఇచ్చేవారు. ఆ ఏడు ఉపకేంద్రం అధికారిగా సాయినాథ్ గారు వచ్చి, కాఫీని వాసన చూసి రుచి చూడాలని నిర్ణయించి, బెంగళూరు నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించారు. పద్నాలుగు గళ్ల ఫారం ఒకటి అచ్చయింది. పద్నాలుగో గడి పేరు ‘ఇతర సుగంధములు, ఉన్నచో’. ప్రయోగం కింద లాటరీ తీసి, పనసపుట్టు అనే కొండ ఊరి నుంచి సోములమ్మ అనే రైతు పంపిన నమూనాను ఎంచుకున్నారు.

వేయించి దంచిన పొడిని కప్పులో వేసి వేడినీళ్లు పోయడం, నిపుణుడు చెప్పింది ఫారంలో నింపడం సర్వేశ్వరరావు పని. నిపుణుడు చాలా మెల్లగా మాట్లాడతాడు. అందువల్ల ఆయన కప్పు మీదికి వంగినప్పుడల్లా సర్వేశ్వరరావు కూడా ఆయన భుజం మీదుగా వంగవలసి వచ్చింది.

నిపుణుడు ఒకసారి పీల్చాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి పీల్చాడు.

“నిమ్మ,” అన్నాడు. “పంపరపనస కూడా. అద్భుతం. చివర్లో తోలు!”

సర్వేశ్వరరావు రాసుకున్నాడు. ఎక్కడో తెలిసినట్టుందే అని ఒక్క క్షణం అనిపించింది గానీ, చెప్పింది రాయడమే తప్ప అనిపించింది రాసే అలవాటు ఆయనకు లేదు. పనసపుట్టు కాఫీకి మొదటి శ్రేణి వచ్చింది.

వరసగా రెండేళ్లు మొదటి శ్రేణి వస్తే ఆ ఊరికి సిమెంటు కళ్లం కట్టిస్తారని నిబంధన. వారం తిరక్కుండా సోములమ్మ ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. పనసపుట్టులో పండిన కాఫీ అంతా ఆమె చేతుల మీదుగానే ఆరుతుంది, అదీ తారురోడ్డు మీద.

“బాబూ, నా కాఫీకి నిమ్మోసన వొచ్చిందని సెప్పుకుంతన్నారు. నా తోటలో నిమ్మసెట్టు నేదు. సిల్వరోకులున్నాయి, మిరియం పాదులున్నాయి. నిమ్మ ఎక్కణ్ణించొచ్చింది?”

“రిపోర్టులో ఉంది సోములమ్మా. ఉంటే ఉన్నట్టే.”

సోములమ్మ గాలి పీల్చింది. బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన నిలబడి మళ్లీ పీల్చింది. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నిమ్మసెట్టు ఆపీసులోనే ఉంది కదేటి!”

సర్వేశ్వరరావు ముఖం మాడిపోయింది. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“నానెవులికీ సెప్పనులే బాబూ,” అంది ఆమె నవ్వు ఆపుకుంటూ. “నా కాఫీ మంచిదే. పండిన పండే కోత్తాను, పచ్చిది ముట్టను. కానైతే రోడ్డు మీద ఆరబోత్తే బస్సులు తొక్కీసి పోతన్నాయి. ఆ కళ్లం ఏదో బేగి ఇప్పించు.”

ఆయన ఇప్పిస్తానన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు తన వాసన తనకే తగలడం మొదలైంది.

ఈలోగా సాయినాథ్ గారు నిమ్మవాసన మూలాన్ని కనిపెట్టడానికి ముగ్గురు సభ్యుల సంఘాన్ని పనసపుట్టుకు పంపారు. సంఘం రెండు రోజులు కొండంతా గాలించింది. నిమ్మచెట్టు దొరకలేదు గానీ, ఒక ఇంట్లో సంతలో కొన్న నిమ్మకాయ పచ్చడి ప్యాకెట్టు దొరికింది. దాన్ని సీలు వేసి పట్టుకొచ్చారు. (ఇంటివాళ్లు ఆ పూట చారుతో సరిపెట్టుకున్నారు.) వాసన ‘నేల స్వభావము వలన’ అని నివేదిక తయారై, పై ఆఫీసుకు, అక్కణ్ణుంచి ఆపై ఆఫీసుకు వెళ్లింది. మొదటి శ్రేణి కోరే ప్రతి ఊరూ పద్నాలుగో గడిలో నిమ్మ సాధించి తీరాలని సర్క్యులరు దిగింది. కొందరు రైతులు కాఫీ గింజల మీద నిమ్మకాయ పిండారు. గింజలు బూజు పట్టాయి.

2005 జనవరిలో తొంభై రెండు ఊళ్ల నమూనాలూ పది రోజుల్లో పరీక్షించారు. సర్వేశ్వరరావు వంగిన ప్రతి కప్పులోనూ నిమ్మ వచ్చింది. అయితే మధ్యలో రెండు రోజులు ఆయన బావమరిది పెళ్లికి సెలవు పెట్టాడు. ఆ రెండు రోజులూ పరీక్షించిన పద్దెనిమిది ఊళ్లకు పద్నాలుగో గడిలో ‘లేవు’ అని పడింది. అందులో పనసపుట్టు ఒకటి.

సోములమ్మ ఈసారి నవ్వలేదు.

“ఎక్కడికెల్లిపోనావు బాబూ?” అంది గుమ్మంలోనే నిలబడి. “కిందటేడు కాఫీ, ఈయేడు కాఫీ ఒక సెట్టుదే. ఒక సెయ్యే కోసింది. నివ్వున్నావని మంచిదైపోనాది, నివ్వు నేవని సెడ్డదైపోనాదా? కళ్లం కాయితం సింపీసినారట.”

ఆమె కాళ్లకు చెప్పులు లేకపోవడం, బస్సు కోసం కూడా ఆగకుండా పన్నెండు మైళ్లు నడిచి వచ్చిందని పాదాల మీది దుమ్మే చెప్పడం, ఆయన చూశాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి భార్య అనూరాధకు మొత్తం చెప్పాడు.

“మా తమ్ముడి పెళ్లికి వెళ్లినందుకు పద్దెనిమిది ఊళ్ల కాఫీ పాడైపోయిందా?” అంది ఆవిడ.

“పాడవలేదే. వాసన రాలేదు.”

“అయితే ఆ వాసన మీదేనని కాయితం మీద రాసి ఇచ్చియ్యండి.”

“రాస్తే నవ్వుతారు.”

“రాసుకుంటే నవ్వట్లేదేటండీ?”

పదిహేడేళ్లుగా తలలు తిప్పినవాళ్లంతా ఎందుకు తిప్పారో సర్వేశ్వరరావుకు అప్పుడు ఇంకో కారణం తోచింది. మర్నాడు పొద్దున్నే, ‘సదరు నిమ్మవాసన నా స్వంత వాడకములోని కొలోనుకు చెందినదనియు, కాఫీకి దానితో ఎట్టి సంబంధమూ లేదనియు, కావున పద్దెనిమిది గ్రామములకు న్యాయము చేయవలసినదిగా’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు.

సాయినాథ్ గారు దాన్ని రెండుసార్లు చదివారు.

“నిమ్మవాసన మీదంటారు.”

“అవును సార్.”

“కాఫీది కాదంటారు.”

“కాదు సార్. నన్నేం చేసినా సరే, ఆ ఊళ్లకు మాత్రం—”

“కాఫీదేనని మనం పైకి రాసేశాం కదండీ సర్వేశ్వరరావు గారూ.” ఆ ఆఫీసులో ఆయన పేరును ఒక అధికారి తప్పు లేకుండా పలకడం అదే మొదటిసారి. “పైవాళ్లు వాళ్ల పైవాళ్లకు రాశారు. ఇప్పుడు మీరే చెప్పండి. అందరి రిపోర్టులూ మార్చడం తేలికా, మీ వాసన కొనసాగించడం తేలికా?”



నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. సర్వేశ్వరరావు వద్ద మిగిలి ఉన్న అయిదు సీసాలను ‘పరీక్షా సామగ్రి’గా స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. బీరువాలో పెట్టి తాళం వేశారు. పద్దెనిమిది ఊళ్లకు మళ్లీ పరీక్ష పెడతారు. పరీక్ష వేళల్లో ఆయన సంతకం చేసి మూడేసి చుక్కలు పూసుకోవాలి. పని ముగిశాక సబ్బుతో కడుక్కోవాలి. ఆఫీసు బయట ఆయన నుంచి నిమ్మవాసన వచ్చినట్లయితే ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగంగా పరిగణిస్తారు. (సబ్బు ఎవరు ఇవ్వాలన్న విషయమై ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.)

ఆ సాయంత్రం ఆయన ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వంటింట్లోంచి వచ్చిన అనూరాధ ఉలిక్కిపడింది.

“ఎప్పుడొచ్చారండీ?”

“పావుగంటైంది.”

ఆవిడ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. కాఫీ కలపనా అని అడిగింది. ఆయన వద్దన్నాడు. మర్నాడు బజార్లో ఇద్దరు తెలిసినవాళ్లు ఆయన పక్కనుంచే పలకరించకుండా వెళ్లిపోయారు.

పద్దెనిమిది ఊళ్లూ రెండో పరీక్షలో గట్టెక్కాయి. 2004 నాటిది ప్రయోగమే గనక లెక్కలోకి రాదని పనసపుట్టు కళ్లం మాత్రం ఇంకో ఏడాది ఆగింది. ముందుజాగ్రత్తగా చుక్కలు కాస్తా దోసిళ్లు కావడంతో సీసాలు ఖాళీ అయ్యాయి. 2006 పరీక్షల కోసం సాయినాథ్ గారు ‘నిమ్మ పరిమళముగల ద్రవము, పురుషులకు అనువైనది’ అని కొటేషన్లు పిలిచారు. అందరికన్నా తక్కువ రాసినవాడికి ఆర్డరు వెళ్లింది. వాడు ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు దింపాడు. అది నేల తుడిచే మందు. నిమ్మ పరిమళం ఉన్నమాట వాస్తవం కాబట్టి వెనక్కి పంపడానికి వీలు లేకపోయింది. సర్వేశ్వరరావు మెడకు పూసుకుంటే దద్దుర్లు లేచాయి. అందుకని గదిలో చల్లారు. నిపుణుడు వచ్చాడు, వంగాడు, పీల్చాడు.

“నిమ్మ,” అన్నాడు. “చాలా పరిశుభ్రంగా ఉంది.”

తొంభై రెండు ఊళ్లకూ మొదటి శ్రేణి వచ్చింది. అందరూ అర్హులే కావడంతో కళ్లాలను అక్షరక్రమంలో, ఏడాదికి రెండేసి చొప్పున, ఇవ్వాలని నిర్ణయించారు. పనసపుట్టు వంతు అరవై ఒకటి.

ఈ కబురు చెప్పడానికి సర్వేశ్వరరావు ఆమె వచ్చేదాకా ఆగలేదు. ఆదివారం బస్సెక్కి తనే పనసపుట్టు వెళ్లాడు. సోములమ్మ రోడ్డు వార గింజలు ఎగదోస్తోంది. తలెత్తి చూసి, ఎవరో పరాయి మనిషి అనుకుని మళ్లీ పనిలో పడింది. దగ్గరికి వెళ్లి పేరు చెప్పుకోవలసి వచ్చింది.

“నివ్వా బాబూ! వోసన నేకపోతే పోల్చుకోనేకపోనాను.”

ఆయన అంతా చెప్పాడు. ఆమె వేళ్ల మీద లెక్క వేసింది.

“ముప్పై యేళ్లు. అయితే నా మనవరాలు ఆరబోత్తాదన్నమాట.” చేతులు దులుపుకుంది. “పోనీలే. నివ్వు రాసిచ్చినావని ఇన్నాను. అంత ఆపీసులో అదొక్క నిజం కాయితం. కూకో. ఇన్నేళ్లూ పండించడమే గానీ మేం తాగింది నేదు. ఈయేడు నానూ ఓపాలి కాసినాను.”

పెనం మీద వేయించి, రోట్లో దంచి, బెల్లం వేసి కాచిన కాఫీ సత్తుగ్లాసులో తెచ్చి ఇచ్చింది. సర్వేశ్వరరావు గ్లాసు ముఖం దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయాడు. కాలిన బెల్లం. వాన పడ్డ మన్ను. వాటి వెనక, పేరు పెట్టడానికి రానిది ఇంకేదో, లోతుగా, వెచ్చగా. పద్దెనిమిదేళ్లు కాఫీ ఆఫీసులో పనిచేసిన మనిషి కాఫీ వాసన చూడడం అదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి. పొగ అనుకుని సోములమ్మ పొయ్యి ఆర్పింది.

“ఎలగుంది బాబూ?”

“రేపు ఫారంలో నేనే రాస్తాను సోములమ్మా,” అన్నాడు.

మర్నాడు అందరికన్నా ముందు ఆఫీసుకు వెళ్లాడు. పనసపుట్టు ఫారం తీసి, కలం విప్పి, మొదటి గడి నుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాడు. గింజ పొడవు ఉంది, రంగు ఉంది, తేమ ఉంది, పులుపు ఉంది, చేదు ఉంది, పంపినవారి తండ్రి పేరు కూడా ఉంది. పదమూడు గళ్లలో కాఫీ వాసనకు చోటు లేదు. పద్నాలుగో గడిలో ‘నిమ్మ’ అని ఈ ఏడాది నుంచి అచ్చువేసే పంపుతున్నారు.