నాలుగు వేల పుస్తకాల మీద ఒక గీత

ఆ రోజు ఉదయం గ్రంథాలయాధికారి పెట్టుకున్న పని ఒక్కటే. వెబ్‌సైట్ జాబితాలో మొట్టమొదట ఉన్న, చెదలు తినేసిన తేనెటీగల పెంపకం పుస్తకాన్ని కొట్టేయాలి. సాయంత్రం నాలుగింటికి పైఆఫీసు నుంచి తనిఖీ అధికారిణి వస్తోంది. నెలకు రెండు వందల పుస్తకాలైనా పాఠకుల చేతికి వెళ్లని గ్రంథాలయాలకు తాళం వేస్తున్నారు. ఇక్కడ ఈ నెల వెళ్లినవి అరవై ఒకటి. తాళం పడితే, ఇరవై ఆరేళ్ల సర్వీసున్న మనిషి ఏదో గోదాములో అట్టపెట్టెలకు కాపలా కాయాలి. కనీసం జాబితా అయినా శుభ్రంగా ఉంటే పరువు దక్కుతుందని ఆయన ఆశ.

వెబ్‌సైట్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాష నేర్పింది కూతురు. "నాన్నా, తెరిచిన ట్యాగ్‌ని, అంటే ఆ గుర్తుని, మళ్లీ మూయాలి, లేకపోతే అది పేజీ చివరిదాకా పాకుతుంది, మర్చిపోకు," అని మూడు ఆదివారాలు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆయన బుద్ధిగా తలూపాడు. కానీ అది రిజిస్టర్లో ఎర్రసిరాతో కొట్టేసి కొట్టేసి అలవాటుపడ్డ చెయ్యి. స్కేలు పెట్టి గీస్తే, కలం ఎత్తగానే గీత ఆగుతుంది. ఇక ఆగమ్మా అని గీతను బతిమాలుకునే అలవాటు ఆయన వంశంలోనే లేదు. పుస్తకం పేరు ముందు కొట్టివేత ట్యాగ్ పెట్టి, పేజీ ఎక్కించి, తృప్తిగా టీకి వెళ్లాడు.

గ్లాసు సగం కాకముందే భార్య ఫోన్ చేసింది.

"ఏమండీ, మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేశారా?"

"ఎవరన్నారు?"

"ఎవరో అనడమెందుకు? మీ వెబ్‌సైట్లో పుస్తకాలన్నీ కొట్టేసి, అడుగున మీ పేరూ కొట్టేశారు. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? మా తమ్ముణ్ణి పంపించాను."

"వాడెందుకే?"

"మీకు ధైర్యం చెప్పడానికి!"

ఆయన గ్లాసు అక్కడే పెట్టేశాడు. పరుగున వచ్చేసరికి, రిటైరైన లెక్కల మాస్టారు రెండు సంచులతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొట్టేసిన పుస్తకమంటే చిత్తుకాగితాల లారీ ఎక్కేదని పాత పాఠకులందరికీ తెలుసు.

"ఇంత అన్యాయమా? నా పుస్తకాలన్నీ తూకానికి వేస్తావుటయ్యా?"

"లేదు మాస్టారూ, చిన్న పొరపాటు..."

"నువ్వేం మాట్లాడకు! ఎన్నిస్తే అన్ని నా పేరున రాయి."

అప్పటికే మాస్టారి వెనక పదిమంది ఉన్నారు. ఈలోగా బావమరిది దిగాడు. బావగారికి ధైర్యం చెప్పాల్సినవాడు, మెట్ల మీద నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ, "పాపం, మా బావని కూడా తీసేశారండీ," అని చెప్పడం మొదలుపెట్టాడు. జాలిపడ్డవాళ్లందరూ లోపలికొచ్చి తలా నాలుగు పుస్తకాలు పట్టుకున్నారు. పదకొండింటికల్లా పిల్లల గది ఖాళీ అయింది. జన్మలో పుస్తకం ముట్టని దర్జీ కూడా న్యాయశాస్త్రం మూడు సంపుటాలు చంకన పెట్టుకున్నాడు.

కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఒక్క ముగింపు ట్యాగ్ పెడితే చాలు!"

"కంప్యూటర్ దగ్గరికి వెళ్లనిస్తేగా తల్లీ! దానిమీద కూడా పుస్తకాలు పేర్చేశారు."

నాలుగింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. ముందువరసలో ఖాళీ అయిన బీరువాల వంక చూసింది.

"వీటిలో పుస్తకాలేవీ?"

"పాఠకుల దగ్గరున్నాయండీ," అన్నాడాయన.

ఆమె రిజిస్టర్ తిరగేసింది. ఒక్కరోజులో ఐదు వందల పన్నెండు. తర్వాత ఫోన్లో వెబ్‌సైట్ తెరిచి చాలాసేపు చూసింది. దాచి లాభం లేదనుకున్నాడాయన.

"మేడమ్, అది నా తప్పేనండీ. ట్యాగ్ మూయడం మర్చిపోయాను."

"భలేవారే! ఇంత పని చేసి ఎంత వినయమండీ మీకు!" అంది ఆమె నవ్వుతూ. "జనం కదలాలంటే ఇలాంటి ఎత్తే వెయ్యాలి. తాళం మాట మర్చిపోండి. సోమవారం నుంచి మిగతా పదకొండు గ్రంథాలయాల వాళ్లకి హెచ్‌టీఎంఎల్ మీరే నేర్పాలి."

ఆమె వెళ్లాక ఆయన కుర్చీలో కూలబడి, ఇంటికెళ్లగానే కూతుర్ని ఏమేం అడగాలో ఎర్రసిరాతో కాగితం మీద రాసుకున్నాడు. ఆ కాగితం మీద ఉన్నది ఒకే ప్రశ్న, ట్యాగ్ మూయడం ఎలా అని.