అరుదైన పిట్టకి యాభైమంది సాక్షులు

మీరు అంతరించిపోతున్నారని ఆఫీసులో రుజువు చూపించాల్సి వచ్చిందా ఎప్పుడైనా? రాలేదా? అయితే వినండి.

ఒక పెద్ద అడవిలో పిగిలిపిట్టలు రెండు రకాలు. తోక కింద ఎర్రమచ్చ ఉన్నవి చెట్టుకి వంద. పసుపు గొంతువి మాత్రం రాళ్లగుట్ట మీద తప్ప బతకలేవు. మిగిలినవి మూడే. ఆ గుట్టని అడవిపందులు క్వారీకి తీసుకుని పగలగొడుతున్నాయి.

అంతరించే పిట్టల జాబితాలో పేరెక్కితే, ఆ పిట్ట ఉండే చోట తవ్వకాలు ఆపి కాపలా పెట్టాలని అడవిసభ చట్టం. పసుపుగొంతు పసిడమ్మ గూట్లో రెండు గుడ్లు మొగుడికి అప్పజెప్పి ఆఫీసుకి ఎగిరింది.

అక్కడ సూపరింటెండెంటు ఉడుము. కుర్చీ పట్టుకుందంటే వదలదు.

"సాక్షులేరీ? మీ జాతివాళ్లే యాభైమంది సంతకం పెట్టాలి."

"యాభైమందిమి ఉంటే నేనెందుకొస్తానండీ? నేనూ, మా ఆయనా, మా ఆడపడుచూ. అంతే!"

"అంతేనా? అయితే కుదరదు."

వరండాలో ఎర్రమచ్చల నాయకుడు తురాయయ్య కనిపించాడు.

"అన్నయ్యా, చుట్టాలం కదా, నువ్వయినా చెప్పు!"

"చుట్టరికం పెళ్లిళ్ల వరకేనమ్మా. అది సరే, కాపలా అంటే ముందిద్దరు, వెనకిద్దరా? ఆ దర్జా మాకెందుకుండకూడదూ?"

మర్నాడు ఐదువందల మందితో ఊరేగింపుగా వచ్చాడు. "అంతరించిపోతున్నాం!" అన్న నినాదానికి ఆఫీసు కప్పు అదిరింది.

"ఇంతమంది చెబుతుంటే అబద్ధమెలా అవుతుంది?" అని ఉడుము ముద్ర కొట్టింది.

కాపలాకి అడవిపిల్లుల్ని వేశారు. చెట్టుకి నాలుగు.

పదిరోజులకి పిట్టల లెక్క దారుణంగా పడిపోయింది. ప్రమాదాన్ని ముందే పసిగట్టిందని సభ ఉడుముకి శాలువా కప్పింది.

ఆ శాలువా ఇంకా ఉడుము భుజాన ఉండగానే తురాయయ్య వచ్చి పడ్డాడు. "బాబోయ్, మాకీ రక్షణ వద్దు! పేరు కొట్టేయండి!"

"కొట్టేయాలన్నా యాభైమంది సంతకాలు కావాలయ్యా."

తురాయయ్య వెనక్కి తిరిగాడు. ఇద్దరున్నారు. గుమ్మంలో అంగరక్షకుడు మూతి తుడుచుకుంటున్నాడు.

నీతి: అంతరించిపోవాలన్నా మందబలం ఉండాలి.

పసిడమ్మ గుట్ట సగం పోయింది. గుడ్లు ఇంకా పిల్లలవలేదు. సొంత జాతే సాక్ష్యం చెప్పాలన్న రూలు ఆ ఉడుముది, మనది కాదు. ఇదిగో కాగితం, యాభై గీతలు గీసి తెచ్చాను. చప్పట్లు తర్వాత కొడుదురుగాని, ముందు పెన్ను తీసి సంతకం పెట్టండి.