టూరిస్టు డ్యూటీ

"మన తీరంలో సెలవులు గడపడం ఇకమీదట సరదా కాదు, పౌర బాధ్యత" అని పర్యాటక మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. "జనం విమానాలెక్కి పోయి, మన ఇసక లాంటి ఇసకలోనే పొర్లి, మన ఉప్పునీళ్ళ లాంటి ఉప్పునీళ్ళే మింగి వస్తున్నారు. ఎందుకని? ఇక్కడికొచ్చి ఏం చెయ్యాలో తెలియక! అందుకే నేనే స్వయంగా వెళ్ళి, సామాన్యుడిలా సెలవు గడిపి చూపిస్తాను."

"సామాన్యుడిలా అంటే ఎలా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అది మా అధికారులు చూసుకుంటారు" అన్నారు మంత్రిగారు వినయంగా.

అలా చూసుకోవలసిన అధికారి ఆ సమయంలో తన ఇంట్లో కూర్చుని, కూతురి ప్లాస్టిక్ బకెట్టును సంచిలో సర్దుతున్నాడు. అతను ఆ జిల్లా పర్యాటకాధికారి. ఆఫీసులో అందరూ అతన్ని 'టూరిజం' అనే పిలుస్తారు. భార్య కూడా కోపమొచ్చినప్పుడు అలాగే పిలుస్తుంది. సెలవులెలా గడపాలో లోకానికి చెప్పే ఉద్యోగం కాబట్టి అతనికి ఏనాడూ సెలవు దొరకలేదు. సముద్రం వాళ్ళింటికి కూతవేటు దూరంలోనే ఉంది. అయినా అతని కూతురు దాన్ని ఎక్కువగా చూసింది నాన్న అచ్చువేయించిన క్యాలెండర్లలోనే. దేవుడి దయవల్ల ఈసారి సెలవు మంజూరైంది. రేపు ముగ్గురూ కలిసి అలల్లోకి దిగాలి. పిల్ల సంతోషం పట్టలేక అప్పుడే టోపీ పెట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది.

అంతలో ఫోన్ మోగింది. మంత్రిగారి పి.ఏ.

"టీవీ చూశారుగా? రేపే ప్రోగ్రామ్. మీ లీవు క్యాన్సిల్."

"సార్, పిల్లకి మాటిచ్చాను..."

"మీరు కూడా బీచ్‌కే కదండీ వెళ్ళాలనుకున్నారు? మేం పిలుస్తున్నదీ బీచ్‌కే. ఇంకా లీవెందుకు?"

ఈ తర్కం విని అతను ఫోన్ పెట్టేశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత గుర్తొచ్చింది. భార్య అంతా విని, "వెళ్ళండి టూరిజం గారూ" అని సంచి విప్పేసింది. పిల్ల టోపీతోనే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పోలీసులు మంత్రిగారి భద్రత కోసం తీరం మీదున్న జనాన్నంతా వెళ్ళగొట్టారు. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి ఇసకంతా ఊడ్చారు. చెత్తతోపాటు గవ్వలు కూడా పోయాయి. కార్యక్రమంలో 'మంత్రిగారు గవ్వలేరుట' అని ఉంది కనుక, టూరిజం పరుగెత్తుకెళ్ళి అలంకరణ సామాన్ల దుకాణంలో గవ్వల దండలు కొని, తెంపి, ఒడ్డునంతా చల్లించాడు. రోడ్లు భవనాల ఇంజినీరు ఇసకతో ఒక పిచ్చుకగూడు ముందే కట్టి ఉంచాడు. మంత్రిగారు పైన చెయ్యి పెడితే చాలు.

"ఇదేంటండీ, ఇంత గట్టిగా ఉంది?" అన్నాడు టూరిజం దాన్ని తట్టి చూసి.

"సిమెంటు కలిపాం. మంత్రిగారు కట్టింది కూలితే ప్రతిపక్షం ఊరుకుంటుందా?"

పి.ఏ. వచ్చి ఏర్పాట్లన్నీ చూసి సంతోషించాడు. "సూర్యాస్తమయం బాగా లేటుగా పెట్టారే" అన్నాడు. "అప్పటికి మంత్రిగారికి వేరే మీటింగ్ ఉంది. కాస్త ముందుకు జరపడానికి వీలవుతుందా?"

"అది మన చేతుల్లో లేదు సార్."

"ఏ డిపార్ట్‌మెంట్ కిందికొస్తుంది?"

టూరిజం కనుక్కుంటానన్నాడు. సర్వీసులో అతను నేర్చుకున్న జవాబుల్లో ఎప్పుడూ తప్పు కానిది అదొక్కటే.

అప్పుడు ఫొటోగ్రాఫర్ ఒక సందేహం లేవనెత్తాడు. తీరం మీద మనిషన్నవాడు లేడు. మంత్రిగారు సామాన్యుడిలా ఉండాలంటే పక్కన సామాన్యులుండాలి కదా! వాళ్ళను పొద్దున్నే తరిమేశారు. మళ్ళీ పిలుద్దామంటే పోలీసు అధికారి ఒప్పుకోలేదు. "వాళ్ళెవరో, ఏమిటో! మా కానిస్టేబుళ్ళనే మఫ్టీలో దింపుతాం" అన్నాడు.

దాంతో కానిస్టేబుళ్ళందరికీ టూరిస్టు డ్యూటీ పడింది. ఒకే తానులోంచి కుట్టించిన పూల చొక్కాలు వేసుకుని, వ్యాను దిగి, వరుసలో నిలబడ్డారు. "విశ్రాంతిగా ఉండండి!" అని అధికారి అరవగానే అందరూ ఒక్కసారే ఇసకలో వెల్లకిలా పడుకున్నారు. "నవ్వండి!" అంటే నవ్వారు. ఈతకు పంపినవాళ్ళు కూడా అడుగులో అడుగేసి నీళ్ళలోకి దిగారు. క్రమశిక్షణ అంటే అలా ఉండాలి.

పి.ఏ. తల పట్టుకున్నాడు. "అందరూ మీసాలవాళ్ళేనా! ఇది సెలవులా లేదండీ, పరేడ్‌లా ఉంది. ఒక ఫ్యామిలీ కావాలి. తల్లీ, పిల్లా. వెంటనే!"

లేడీ కానిస్టేబుళ్ళంతా మంత్రిగారి భార్య షాపింగ్ బందోబస్తులో ఉన్నారు. టూరిజం గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"ఇదిగో, పిల్లని తీసుకుని వచ్చెయ్. ఇవాళే వెళ్దాం నీళ్ళలోకి."

"నిజంగానా? మళ్ళీ ఆశపెట్టి ఏడిపించరు కదా?"

"ఒట్టు. మన ముగ్గురమే. చుట్టూ పోలీసులుంటారంతే."

ఆవిడ ఒడ్డు చేరేటప్పటికి మొహం వెలిగిపోతోంది. పిల్ల బకెట్టు ఊపుకుంటూ పరుగెత్తి వచ్చి నాన్న కాళ్ళను చుట్టేసింది. అతను బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకున్నాడు. పి.ఏ. చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరెక్కడికండీ?"

"నీళ్ళలోకి సార్. మా ఫ్యామిలీయే కదా."

"కావచ్చు. మీకు పోలీస్ వెరిఫికేషన్ ఉందా?"

"నాకెందుకు సార్? నేను ఆవిడ భర్తని!"

"మంత్రిగారి పక్కన నిలబడే మగవాళ్ళందరికీ ఉండాలి. భర్తగా హెడ్ కానిస్టేబుల్‌ని వేసేశాం. పైనుంచి ఓకే కూడా అయిపోయింది."

హెడ్ కానిస్టేబుల్ పెద్దమనిషి. సిగ్గుతో చచ్చిపోతూ, "ఏమనుకోకమ్మా, డ్యూటీ" అని ఆవిడకు నమస్కారం పెట్టాడు. ఆవిడ అతనివైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది. ఆ చూపుకి టూరిజానికి ఏడుపొచ్చినంత పనైంది.

"పదండి, ఇంటికి పోదాం" అంది.

"అమ్మా, అల వచ్చింది! నా కాళ్ళు తడిసిపోయాయి!" అని పిల్ల అప్పటికే నీళ్ళలోంచి కేకలేస్తోంది.

ఆవిడ ఆ కేకల వైపు తిరిగింది. "దాన్నిప్పుడు బయటికి లాగితే నాకు పాపం చుట్టుకుంటుంది. మీ ఉద్యోగం మీరు చూసుకోండి" అని చెప్పులు విప్పి అతని చేతిలో పెట్టి, నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

"నాన్నా! నువ్వు రావా?"

"వస్తున్నా తల్లీ, ఇదిగో..."

"ఆ పాపని ఇటు తిరిగి నాన్నా అనొద్దని చెప్పండి" అన్నాడు పి.ఏ. "కంటిన్యూటీ పోతుంది."

ఆ మాట టూరిజమే వెళ్ళి చెప్పవలసి వచ్చింది. పిల్ల కొంచెంసేపు ఆలోచించి, "ఆటా?" అని అడిగింది. అవునన్నాడు.

మంత్రిగారు ఎలాంటి ఆడంబరం లేకుండా వచ్చారు. ముందు సైరన్ల కార్లు, వెనక అంబులెన్సు, మధ్యలో నిక్కరుతో మంత్రిగారు. గవ్వ ఏరారు. దాని కొసన ఇంకా దారం వేలాడుతుంటే, "ప్రకృతి ఎంత వింతైనది!" అని మెచ్చుకున్నారు. పిచ్చుకగూడు మీద చెయ్యి పెట్టారు. పడుకున్న కానిస్టేబులొకడు అలవాటుకొద్దీ లేచి సెల్యూట్ కొడితే, యువతరంలో మర్యాద పెరిగిందని సంతోషించారు. ఆ తర్వాత ఆయన చూపు నీళ్ళమీదికి మళ్ళింది.

అక్కడ పిల్ల నీళ్ళు చిమ్ముతోంది. తల్లి ఎంత బిగబట్టుకున్నా ఆగక నవ్వేసింది. హెడ్ కానిస్టేబుల్ మోకాలి లోతులో అటెన్షన్‌లో ఉన్నాడు.

"చూశారా!" అన్నారు మంత్రిగారు చెమర్చిన కళ్ళతో. "దీనికోసమేనయ్యా నేను రాజకీయాల్లోకి వచ్చింది. ఆ పిల్ల మొహంలో ఆనందం చూడండి!"

"అవును సార్" అన్నాడు టూరిజం, చంకలో భార్య చెప్పులతో.

"మీకు ఫ్యామిలీ ఉందా?"

"ఉంది సార్."

"ఎప్పుడైనా తీసుకొచ్చారా ఇక్కడికి? లేదు కదూ! మీ అధికారులంతా ఇంతే. బయటివాళ్ళకి చెప్పడమే కానీ ఆచరించరు. ఎప్పుడూ ఉద్యోగం, ఉద్యోగం! పెళ్ళాం పిల్లలు ఏమైపోవాలి?" మంత్రిగారు నిజంగానే నొచ్చుకున్నారు. జేబులోంచి ఫోన్ తీసి అతని చేతికిచ్చారు. "ఫొటోగ్రాఫర్ తీసినవి కృత్రిమంగా ఉంటాయి. మీరు తియ్యండి ఒకటి. ఊరూరా పోస్టరు వేయిద్దాం."

మంత్రిగారు వెళ్ళి ఆ కుటుంబం పక్కన నిలబడ్డారు. టూరిజం ఫోన్ ఎత్తాడు. తెరమీద అతని భార్య, అతని కూతురు, వెనక సముద్రం. పిల్ల ఆట గుర్తుపెట్టుకుని ఇటు చూసినా 'నాన్నా' అనలేదు.

"ఏమయ్యా, భార్యాభర్తల్లా లేరు!" అని మంత్రిగారు నీళ్ళలోంచి అరిచారు. "ఆయన్ని కొంచెం దగ్గరికి జరగమను!"

టూరిజం చంకలో చెప్పులు జారకుండా సర్దుకున్నాడు.

"హెడ్డు గారూ, కొంచెం దగ్గరికి జరగండి" అన్నాడు. "ఇంకొంచెం... ఆఁ, చాలు."