బలసముద్ర మేషగణన సమరము

శ్రావణ మేఘములు చినుకైనను రాల్చక సగౌరవముగా దాటిపోవు పావగడ సీమయందు, నేలమీద మఱియొక ఆకసము పఱచినట్లు సోలారు పార్కు నీలిఫలకములు దిగంతముల దాక మెఱయు బలసముద్ర గ్రామమున, మిట్టమధ్యాహ్నము పండ్రెండు గంటలకు, వేరుసెనగ మూటపై ల్యాప్‌టాప్ అను దివ్యరథమును నిలిపి, ఇంజనీరింగు తుదివత్సర విద్యార్థినియు దీక్షాధురంధరయు నగు నయన సమరమునకు కూర్చుండెను.

సోలారు పలకల క్రింద మేతకు పోవు గొఱ్ఱెలను గేటువద్ద లెక్కించు యంత్రమును నిర్మించుట ఆమె సంకల్పము. గొఱ్ఱె అడ్డువచ్చి వెలుగు తగ్గినంతనే అనలాగ్ భాగము పసిగట్టును. డిజిటల్ భాగము "ఒకటి" అని వ్రాసికొనును. ఈ ఉభయసేనల పొత్తును మొదట ల్యాప్‌టాప్ తెరపై, సిమ్యులేషన్ అను నకలు ప్రయోగమున నిరూపింపవలెను. మూడు గంటలలోపల ప్రాజెక్టు గైడు యోగీశ్ సారునకు చూపనిచో, తరగతిలో పదునొకండ్రు ఇదివఱకే చేయుచున్న ట్రాఫిక్ సిగ్నల్ ప్రాజెక్టే ఆమె మెడకును చుట్టుకొనును.

నయన ఒక్క గొఱ్ఱెను, ఉన్నియు ఊపిరియు లేని కేవల గణితమయమైన గొఱ్ఱెను, తెరపై గేటులోనికి తోలెను. లెక్క నూటపదునేడు వచ్చెను.

ఏలయన, అలవలె ఊగు అనలాగ్ సేన, వెలుగు ఇంతకు తగ్గిన గొఱ్ఱె యని గీచిన హద్దుగీతపై నిలిచి వణకుచుండగా, అవును కాదు తప్ప మూడవ మాట యెఱుగని డిజిటల్ సేన వణకు వణకునకు నొక గొఱ్ఱెను పుట్టించుచుండెను. గీత దాటిన క్షణమును వెదకుచు సిమ్యులేటరు కాలమును చీల్చి, చీలికను మరల చీల్చి, ఫ్యాను శంఖమువలె ఘోషింప, ఎఱ్ఱని అక్షరములతో నిట్లు పలికెను: "ఓ సాహసినీ! కాలమును ఇంతకంటె సన్నముగా తఱుగుట నావలన గాదు. ఇదిగో, అస్త్రసన్యాసము చేసితిని."

గంటలు రెండు గడచెను. నలువది యేండ్లు మందలు కాచిన ఆమె అవ్వ సంజీవమ్మ, చెంతనే కాయలు ఒలుచుచు, తలయెత్తెను.

"ఏందే, ఒగ గొర్రెకు ఇంతసేపా?"

"నూటపదిహేడు అంటాండాది అవ్వా. గీత కాడ వణికినప్పుడల్లా లెక్కేస్తాండాది."

"గొర్రె అంతేనే. తల పెడతాది, ఎనక్కి పోతాది, మళ్ళా పెడతాది. తలకాయలు లెక్కేసింటే మా నలభై గొర్రెలు నాన్నూరు అయింటాయి."

"మరి నువ్వెట్ల లెక్కేస్తాంటివి?"

"రెండు రాళ్ళు పెడతాంటి. లోపలి రాయి దాటితేనే ఒగటి. బయటి రాయి దాటి పోయిందాకా అది పోయినట్ల కాదు. నడుమ ఎంత ఎగిరినా నాకేం?"

నయన చేతిలోని వేరుసెనగ కాయ జారిపడెను. ఒంటిగీత స్థానమున రెండు గీతలు! వెలుగు క్రింది గీతకు దిగిననే గొఱ్ఱె వచ్చినట్లు. పై గీత దాటిననే పోయినట్లు. నడుమ ఎంత వణకినను డిజిటల్ సేన నోరు మెదపరాదు. ఒంటిగీతను రెండుగా చీల్చు ఒకే ఒక్క రెసిస్టరును తెచ్చి తెరపై సర్క్యూటున నాటి, రెండు గంటల ఏబది నిమిషములకు ఆ వీరవనిత మీట నొక్కెను. అనలాగ్ సేన రాళ్ళనడుమ తాండవించెను. డిజిటల్ సేన ఋషివలె మౌనము దాల్చి, కడకు ఒక్కమాఱు పెదవి విప్పి "ఒకటి" అనెను.

ఫోనులో తెరను చూచిన యోగీశ్ సారు, ఆ రెండు గీతలు ఎవరు చెప్పిరని అడిగెను.

"మా అవ్వ, సార్."

"ట్రాఫిక్ సిగ్నల్ వద్దులేమ్మా. దీన్నే చెయ్."

ఒకటి అని తాను చూడకయే చెప్పియుందునని సంజీవమ్మ గొణుగుచు మరల కాయలకు దిగెను. ఇట్లు, ఎన్నడును పుట్టని గొఱ్ఱె యొకటి, ఎచ్చటను లేని గేటులోనికి, సరిగా ఒక్కమాఱే ప్రవేశించినదని దిక్కులు వినునట్లు చాటనైనది!