అందరికీ ఎరుకే

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొత్తం సర్వజ్ఞులతో నిండిపోయిందని అధికారికంగా రుజువైంది. ఆ ఘనత ఫిట్టర్ సంగప్పది.

ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో యాసిడ్ డ్రమ్ములను ఇద్దరు మనుషులు ఎత్తి వంచేవారు. ఎనిమిదేళ్లుగా అదే పద్ధతి. ఆ పద్ధతి ప్రకారమే సంగప్ప తమ్ముడు ఓదెలు చెయ్యి మోచేతి దాకా కాలింది. సంగప్ప పాత సైకిలు పెడలూ గొలుసూ బిగించి, కాలితో తొక్కితే డ్రమ్మును వంచే బండి తయారుచేశాడు. పేటెంటు తెస్తే అన్ని షెడ్లలో పెట్టిస్తానని మేనేజరు ముకుంద్ పెద్ద మనసుతో మాటిచ్చాడు.

పేటెంటు కార్యాలయం దరఖాస్తు చదివి, ఇది పని తెలిసిన ఎవడికైనా తట్టేదే, అలాంటిదానికి పేటెంటు ఇవ్వమంది. అయితే ఆ మాట రుజువు చేయవలసిన భారం కార్యాలయానిదే. కనుక రాజేశ్వర్ అనే అధికారి ఆ భారం మోసుకుని జీపులో వచ్చాడు. అందరినీ పోగేసి, పెడలు తొక్కించి, డ్రమ్ము వంగడం చూపించి, అప్పుడడిగాడు: "ఇది మీకు తెలిసిందేనా?"

కళ్లారా చూసినదాన్ని తెలియదనడానికి ఎవరికి నోరొస్తుంది?

"ఎర్కే సార్!" అన్నాడు ఫోర్‌మన్.

"గిదేంది సార్, పోరగాండ్లకు గూడ ఎర్కే," అన్నది చాయ్ అమ్మే ఏసమ్మ.

గేటు దగ్గరి పోచయ్య బండివైపు చూడనైనా లేదు. "అందరికి ఎర్కైతే నాకూ ఎర్కే. ఏడ సంతకం?"

నలభై ఒక్క సంతకాలు పడ్డాయి.

"సార్, ముందుగాల అడుగుండ్రి, తర్వాత సూపియ్యుండ్రి," అని సంగప్ప మొత్తుకున్నాడు.

రాజేశ్వర్ ముగ్ధుడయ్యాడు. "ఇంత కొత్త పద్ధతి నేనెక్కడా వినలేదయ్యా! దీనికి వేరే దరఖాస్తు పెట్టుకో."

పేటెంటు రాలేదు. అందరికీ తెలిసిన వస్తువును పనిగట్టుకుని పెట్టించడం దండగని ముకుంద్ బండిని పాత ఇనుములో పడేయించాడు. మరుసటి వారమే డ్రమ్ములెత్తే సుందర్‌రాజు అరచేతులు కాలాయి. ఈసారి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు దిగి, చేతులు కాలకుండా డ్రమ్ము వంచే ఉపాయం ఎవరికైనా తెలుసా అని గద్దించాడు.

"మాకేం ఎర్క సార్!" అని ఆ నలభై ఒక్కరూ సంతకాలు చేశారు.

"నాకెర్క," అన్నాడు సంగప్ప.

ఇన్‌స్పెక్టరు మండిపడ్డాడు. "ఇంతమందికి తట్టనిది నీ ఒక్కడికే తట్టిందా?"

ఆ మాటుంటే పేటెంటు వచ్చినట్టేనని సంగప్ప ఆనందంతో చేతులు జోడించాడు. "గదే సార్, గా ఒక్క మాట జెర కాయితం మీద రాసియ్యుండ్రి. మీ కాల్మొక్త!"

ఇన్‌స్పెక్టరు జీపెక్కుతూ విసుక్కున్నాడు.

"అందులో రాసేందుకేముందయ్యా? అందరికీ తెలిసిందేగా!"