గంజి పెట్టిన రెక్కలు

మిర్యాలగూడకు సాగర్ నీళ్లు వచ్చిన మరుసటి ఏడాది, ఒక సోమవారం పొద్దున బియ్యం మిల్లు యజమాని శ్రీపతి పెట్టుకున్న పని ఒక్కటే: పెరట్లో ఉన్న విమానం రెక్కలకు గుడ్డ బిగించడం. బొంబాయి నుంచి పెట్టెల్లో వచ్చిన ముక్కలన్నీ వడ్రంగి యేసయ్య సాయంతో ఏడాదిగా అతికిస్తున్నాడు. రెక్కలు తప్ప మిగతా విమానం ఇంజనుతో సహా వడ్ల గోదాములో సిద్ధంగా ఉంది. నడపడం కూడా వచ్చుననే అతని నమ్మకం. హైదరాబాదులో రెండుసార్లు విమానం ఎక్కి కూర్చుని దిగాడు మరి.

గుడ్డ బిగించారు గానీ, దాన్ని గట్టిపరిచే పూత డబ్బాలు ఇంకా రాలేదు.

"గుడ్డ బిర్రుగుండాలంటే గంజి పెట్టాలె గానీ డబ్బాల కోసం కూసుంటరా?" అంది భార్య కన్యకమ్మ. "మీ ధోతులకు నేను పెడ్తలేనా?"

బియ్యం మిల్లు ఉన్నవాడికి గంజికి కరువా! కాగెడు గంజి కాచి రెండు రెక్కలకూ పట్టించారు. ఎండకు గుడ్డ ఫెళఫెళలాడింది. ఆ సంబరంలో శ్రీపతి కోదాడలో ఉన్న బావమరిది గోపాలకృష్ణకు కార్డు రాశాడు: "రెక్కల పని అయింది. శుక్రవారం మీ ఊరు వస్తున్నాను." గోనె సంచుల బేరానికి బస్సులో వెళ్లాలని అతని ఉద్దేశం. బస్సు అని రాయాలని తోచలేదు.

బుధవారం గోపాలకృష్ణే స్వయంగా దిగాడు.

"బావా, నీ విమానం దిగడానికి మా జొన్నచేను కోయించేశాను. ఇంకా పాలకంకి మీదే ఉంది, అయినా పర్లేదు. సూర్యాపేట బ్యాండు మేళం మాట్లాడాను. అమ్మ అప్పుడే హారతి పళ్లెం తోముకుని కూర్చుంది!"

"అరె, నేను బస్సుల..." అనబోయి శ్రీపతి ఆగిపోయాడు. పచ్చని చేను కోయించుకున్న మనిషితో బస్సు మాట ఏ ముఖంతో చెప్పడం?

గురువారానికి సంగతి ఊరంతా పాకింది. తోటి మిల్లర్లు వచ్చి దండ వేశారు. కోదాడ దగ్గరి నడిగూడెం నుంచి ఆండాళు పెద్దమ్మ, తన ఇంటి మీద పెంకులు ఎక్కడెక్కడ పగిలాయో పైనుంచి చూసి చెప్పమని కబురంపింది. యేసయ్య ఒక్కడే అడగాల్సిన మాట అడిగాడు.

"సేటూ, పైన మబ్బుల తడి తగిల్తే గంజి నానదా?"

ఆ మాటతో శ్రీపతికి అన్నం సహించలేదు. ఎగిరితే ప్రాణం పోతుందని భయం, ఎగరనంటే పరువు పోతుందని అంతకంటే భయం. కన్యకమ్మ ముట్టని కంచం వంక చూసింది.

"మీరు జర ఒరుగుండ్రి. ఇంకో పూత నేను పెడ్త," అంది.

శుక్రవారం తెల్లవారగానే పెరట్లోంచి పాలేరు అంజన్న కేక వినపడింది.

"సేటూ! రెక్కల్ని బర్రెలు తిన్నయ్!"

నిజమే. నాలుగు బర్రెలూ గుడ్డ మొత్తం నాకి, చీల్చి, నమిలాయి. మిగిలిన కర్రల మీద ఒకటి పడుకుని నెమరు వేస్తోంది. గోపాలకృష్ణ నెత్తి పట్టుకున్నాడు.

"ఏం జేస్తం? నా నసీబు గిట్లుంది," అన్నాడు శ్రీపతి. నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి ఆరు రొట్టెలు తిన్నాడు. రెండు రోజుల తర్వాత గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

అందరూ బస్సులోనే కోదాడ వెళ్లారు. మాట్లాడిన బ్యాండు కాబట్టి బస్టాండులోనే వాయించింది. అత్తగారు బస్సుకు హారతిచ్చింది.

తిరుగుదారిలో శ్రీపతి భార్యతో గుసగుసగా అన్నాడు. "ఆ బర్రెల కాళ్లు మొక్కాలెనే. నిజం జెప్తున్న, సస్తననుకున్న. అయినా సోమవారం నుంచి వాసన సూడనియి, ఒక్కసారే ఎట్ల దిన్నయ్?"

"ఉత్త గంజి గద, అందుకే సూడలే," అంది కన్యకమ్మ కిటికీలోంచి చూస్తూ. "రెండో పూతల తవుడు, దోసెడు ఉప్పు కలిపిన. తాళ్లు గూడ నేనే ఇప్పిన."

మరుసటి వారం బొంబాయి డబ్బాలు వచ్చాయి. శ్రీపతి ఆ పూతను బర్రెల కొట్టం తలుపులకు వేయించాడు.